టవర్, డెత్, ఆరు కత్తులు వస్తే ఎవరో ప్రయోగం చేసినట్టా? టారో చదివే మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఐటీ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఫ్రెండ్ చెప్పిందని ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర టారో రీడింగ్ (బొమ్మల కార్డులు తీసి వాటి అర్థం చెప్పడం) తీసుకున్నారు. టవర్, డెత్, సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి. "దగ్గరి చుట్టాలే మీ మీద ప్రయోగం, అంటే చేతబడి, చేయించారు, ఆరు కత్తులంటే అదే" అని చెప్పి విరుగుడుకి 35 వేలు అడిగారు. అప్పటినుంచి మీకు మీ పెద్దమ్మగారి మీద అనుమానంగా ఉంది. నమ్మాలా వద్దా, మనకి ఇన్ని పురాణాలుండగా ఈ విదేశీ బొమ్మలు మన బతుకు గురించి ఏం చెబుతాయి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ డబ్బు కట్టకండి, మీ పెద్దమ్మగారిని అనుమానించకండి. ఆ మూడు కార్డుల్లో ఎక్కడా ప్రయోగం లేదు. కార్డులు జరగబోయేది చెప్పవు. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తూ, దీనితోనే ఇల్లు నడుపుకుంటూ చెబుతున్నాను. మరి ఎందుకు చదువుతున్నారు అని అడుగుతారు కదా, అది కొంచెం పొడుగు కథ.

మా అమ్మమ్మ వాళ్ళది తెనాలి వైపు పల్లె. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కోసారి ఎరుకల సోదమ్మ వచ్చేది. చంకలో బుట్ట, చేతిలో చిన్న కర్ర. అమ్మమ్మ చాటలో బియ్యం పోసి అరుగు మీద పెట్టి ఎదురుగా కూర్చునేది. సోదమ్మ ఆ కర్రని అమ్మమ్మ అరచేతిలో ఆనించి, కొండదేవతల పేర్లన్నీ తలచుకుని, "నీ మనసులో ఒక మాట ఉందమ్మా, నోటిదాకా వచ్చి ఆగిపోతోంది" అనేది. అంతే, అమ్మమ్మ మొదలుపెట్టేది. తాతయ్యకి చెప్పని మాటలు, మా అమ్మకి చెప్పని మాటలు. ఎనిమిదేళ్ల పిల్లని, గుమ్మం పక్కన నిలబడి చూసేదాన్ని. సోదమ్మ చెప్పిన జోస్యం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. ఆమె వెళ్ళిపోయాక అమ్మమ్మ ముఖం కడుక్కుని, చాలా రోజులుగా పక్కన పడేసిన ఏదో ఒక పని మొదలుపెట్టడం మాత్రం బాగా గుర్తుంది. ఒకసారి మా మావయ్యకి ఉత్తరం రాయించింది, రెండేళ్ల తర్వాత.

నా టేబుల్ మీద జరిగేదీ ఇదే. బొమ్మని ముందు పెడితే మనిషి తన సంగతి పక్కవాడి సంగతి చెప్పినట్టు చెప్పగలుగుతాడు. "నాకు భయంగా ఉంది" అనలేని వాళ్ళు "ఈ బొమ్మలో ఆవిడ భయపడుతోంది" అంటారు. మాట బయటికి వచ్చాక దాన్ని పట్టుకుని పని చేయొచ్చు.

ఇక ఈ కార్డుల పుట్టుక గురించి. ఇవి ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని చెబుతుంటారు, కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా లాంటి చోట్ల, డబ్బున్న కుటుంబాలు ఆడుకున్న పేకాట ఇది. ఈజిప్టు కథని 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగిన వాడే లేడు, షాంపోలియోఁ అనే ఇంకో ఫ్రెంచి పండితుడు దాన్ని విప్పింది 1822లో. ఆ మాట వచ్చిన తర్వాతే కార్డులతో జోస్యం చెప్పడం అక్కడ పెద్ద వ్యాపారమైంది. మనకీ గంజీఫా ఉంది, మహారాష్ట్రలో సావంతవాడి వైపు దశావతారాల బొమ్మలతో గుండ్రటి కార్డులు, పది అవతారాలకి పన్నెండేసి, మొత్తం 120. అదీ ఆటే, జోస్యం కాదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న 78 కార్డుల బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత కార్డుల భావాలు చెప్పాడు, బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. నాటకాల వాళ్ళతో తిరిగిన చిత్రకారిణి. చాలా తక్కువ డబ్బుకి పెద్ద పని చేశానని ఒక ఉత్తరంలో తనే రాసుకుంది. అంతకుముందు పేకల్లో చిన్న కార్డులకి ఎక్కువగా ఆరు కత్తులంటే ఆరు కత్తులు, మూడు గిన్నెలంటే మూడు గిన్నెలు మాత్రమే ఉండేవి. ఆమె దాదాపు ప్రతి కార్డులోనూ మనుషుల్ని పెట్టి ఒక సన్నివేశం గీసింది. వందేళ్లు దాటినా, హైదరాబాద్‌లో కూర్చున్న మీకు కూడా ఆ బొమ్మ ఏదో చెబుతున్నట్టు అనిపిస్తుందంటే కారణం అదే.

సరే, మీ ఆరు కత్తుల దగ్గరికి వద్దాం. దయచేసి ఫోన్‌లో ఆ బొమ్మ తీసి పెద్దది చేసి చూడండి. ఒక పడవ. వెనక ఒక మనిషి నిలబడి గెడ వేస్తున్నాడు. ముందు ఒక ఆడమనిషి ముసుగేసుకుని వంగి కూర్చుంది, పక్కన చిన్న పిల్లాడు. మనకి వాళ్ళ వీపులే కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. పడవకి ఒక పక్క నీళ్ళు అలలుగా ఉన్నాయి, రెండో పక్క నున్నగా ఉన్నాయి. ఆరు కత్తులూ పడవ ముందు భాగంలో నిలువుగా గుచ్చి ఉన్నాయి. ఎవరి ఒంట్లోనూ లేవు! ఇది ఒక ఒడ్డు వదిలి ఇంకో ఒడ్డుకి వెళ్ళే బొమ్మ, ఎక్కడైనా ఇదే అర్థం చెబుతారు. దీన్ని చూపించి ప్రయోగం అన్నారంటే ఆ రీడర్‌కి బొమ్మ చూడటమైనా రాకపోవాలి, లేదా మీ భయం బాగా కనిపించి ఉండాలి.

ప్రయోగం అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్ళు పీకిన వార్తలు, చంపేసిన వార్తలు మనమందరం పేపర్లో చదివినవే. అక్కడా "ఎవరో చేశారు" అన్న ఒక్క మాటతోనే మొదలవుతుంది. ఎయిర్ కండిషన్ గదిలో, వీడియో కాల్‌లో, ఇంగ్లీషు కలిపి చెప్పినంత మాత్రాన ఆ మాటకి విషం తగ్గదు. మీ పెద్దమ్మగారితో మీకు నిజంగా పాత గొడవలేవైనా ఉంటే అవి వేరే. నాలుగు నెలల క్రితం మీ కంపెనీలో మీతోపాటు ఇంకెంతమంది ఉద్యోగాలు పోయాయో గుర్తు తెచ్చుకోండి. వాళ్ళందరికీ పెద్దమ్మలు ప్రయోగం చేయించలేదు కదా.

"కానీ నా గురించి అన్నీ కరెక్టుగా చెప్పారండీ" అని కూడా రాశారు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన క్లాసులో 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ "ఇది నీ వ్యక్తిత్వం" అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు ఎక్కువ భాగం జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. బయటికి ధైర్యంగా ఉంటావు, లోపల ఆందోళన పడతావు, ఇలాంటివి. నా మాటలకీ ఇది వర్తిస్తుంది. అందుకే నా దగ్గరికి వచ్చిన వాళ్ళని మొదటి పది నిమిషాలు నేను మాట్లాడకుండా బొమ్మ గురించి వాళ్ళనే చెప్పమంటాను.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మొదలుపెట్టిన కొత్తల్లో ఒక అబ్బాయికి సన్ కార్డు వచ్చింది. తెల్ల గుర్రం మీద పసిపిల్లాడు, వెనక పొద్దుతిరుగుడు పూలు, మంచి కార్డు. "ఈ ఉద్యోగం నీదే" అనేశాను. అంత నమ్మకంగా ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు, వాడి ముఖంలో ఆశ చూసి అనుంటాను. ఆ మాట పట్టుకుని చేతిలో ఉన్న ఇంకో ఆఫర్ వదులుకున్నాడు. అనుకున్నది రాలేదు. ఏడాది ఖాళీగా ఉన్నాడు. వాళ్ళమ్మగారు ఫోన్ చేసి తిట్టలేదు, "మీరు చెప్పారని నమ్మాడమ్మా" అని మాత్రం అన్నారు. అప్పటినుంచి "అవుతుంది", "వస్తుంది" అన్న మాటలు నా టేబుల్ దగ్గర వాడను.

పురాణాల సంగతి. మీరు అడిగింది సరైన ప్రశ్నే. నిజానికి నా రీడింగుల్లో సగం పనిచేసేది మహాభారతమే, కార్డులు తలుపు తీస్తాయి అంతే. ఉద్యోగం పోయిన వాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే కథ నలుడిది. మనం దాన్ని ప్రేమకథగా, హంస రాయబారంగా గుర్తుపెట్టుకున్నాం. ఆ కథ ఎవరు ఎవరికి చెప్పారో చూడండి. జూదంలో అన్నీ పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఎవడైనా ఉన్నాడా అని బృహదశ్వుడనే ఋషిని అడుగుతాడు. అచ్చం మీరు రాత్రి రెండింటికి ఈ ప్రశ్న పోస్ట్ చేసినట్టే. అప్పుడు ఆ ఋషి ఓదార్చడు, జాతకం చూడడు. నీలాగే జూదంలో పోగొట్టుకున్న వాడొకడున్నాడు విను అని నలుడి కథ చెబుతాడు. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వం భాగంలోనే ఉంది, దొరికితే చదవండి.

అందులో నన్ను ఎక్కువ పట్టుకునే చోటు కర్కోటకుడిది. నలుడు రాజ్యం పోయి, భార్యని అడవిలో వదిలేసి తిరుగుతుంటే మంటల మధ్య చిక్కుకున్న పాము కనిపిస్తుంది. ఎత్తుకుని బయటికి తెస్తాడు. అడుగులు లెక్కపెడుతూ నడువు అంటుంది పాము. పదో అడుగు దగ్గర "దశ" అంటాడు నలుడు. సంస్కృతంలో ఆ మాటకి పది అనీ అర్థం, కాటు వెయ్యి అనీ అర్థం. కర్కోటకుడు కాటేస్తాడు. నలుడి అందమంతా పోయి వికారంగా, ఎవరూ గుర్తుపట్టలేనట్టు అయిపోతాడు. కాపాడినందుకు ఇదా అనిపిస్తుంది. కానీ పాము చెప్పేది వేరు. నిన్నెవరూ గుర్తుపట్టకూడదనే ఇలా చేశాను, ఈ విషం బాధపెట్టేది నిన్ను కాదు, నీలో దూరి నిన్ను జూదంలో ఓడించిన కలిపురుషుణ్ణి. బాహుకుడన్న పేరు పెట్టుకుని అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర పనికి చేరు, నీ రూపం కావలసినప్పుడు ఈ బట్టలు కట్టుకో.

చక్రవర్తిగా ఉన్నవాడు ఇంకొకరి గుర్రపుశాలలో పనికి చేరాడు. ఐడీ కార్డు పోయాక, "ఫలానా కంపెనీలో సీనియర్" అన్న మాట పోయాక, చుట్టాల పెళ్ళిలో ఎవరైనా ఏం చేస్తున్నావు అని అడిగితే గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయ్యే స్థితి అదేనండీ. మీరు రాసిన వాటిలో నాకు బాగా తగిలింది ఈ పెళ్ళి సంగతే. తర్వాత ఏమైంది? భార్య దమయంతి పుట్టిల్లు విదర్భకి ఒక్క రోజులో చేరాలని నలుడు రథం తోలుతుంటే ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టుకి ఎన్ని ఆకులు, ఎన్ని కాయలున్నాయో ఒక్క చూపులో చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి దిగి లెక్కపెడతాడు, సరిపోతుంది. ఆ లెక్క విద్య, పాచికల మర్మం, అక్షహృదయం, రాజు దగ్గర నేర్చుకుంటాడు. బదులుగా తన గుర్రాల విద్య ఇస్తాడు. నేర్చుకున్న క్షణంలోనే కలి అతని ఒంట్లోంచి విషం కక్కుతూ బయటికొస్తాడు. ఏ జూదంలో ఓడాడో ఆ జూదం మర్మం నౌకరీ చేసిన చోటే దొరికింది. దాంతోనే రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. ఇంకా బావుండేది ఏంటంటే, కథ అయ్యాక బృహదశ్వుడు ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకి కూడా నేర్పుతాడు. తర్వాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా ధర్మరాజు పాచికలాడుతూనే అజ్ఞాతవాసం గడుపుతాడు.

కథతో బతుకుని అర్థం చేసుకోవడమంటే నేననేది ఇదే, మనవాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. మీ విషయంలో నేను అడిగే ప్రశ్నలు రెండు. ఆ ఉద్యోగం పోవడంలో మీకు తెలియని "పాచికల మర్మం" ఏది, అంటే ఏ స్కిల్ లేకపోవడం వల్లనో, ఏ మాట సమయానికి అడగకపోవడం వల్లనో మీరు లిస్టులో ఉన్నారు? అలాంటిదేమీ లేదు, టీమ్ మొత్తాన్నే తీసేశారు అంటే అదీ మంచి జవాబే, అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానేయొచ్చు. రెండోది, మీకంటే చిన్నదిగా కనిపించే పని ఏదైనా చేతిలోకి వచ్చి, నామోషీగా ఉందని వద్దన్నారా?

టవర్ గురించి ఎక్కువ చెప్పను. పిడుగుపడి బురుజు మీది కిరీటం ఎగిరిపోతుంది, ఇద్దరు కింద పడుతుంటారు. మీకు జరిగిపోయిందది. భవిష్యత్తు కాదు.

డెత్ కార్డు మీద మాత్రం నాకొక మాట ఉంది. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం. కింద రాజు పడిపోయి ఉన్నాడు, మతగురువు చేతులు జోడించి నిలబడ్డాడు, ఒక అమ్మాయి ముఖం తిప్పేసుకుంది, ఒక పిల్లాడు మోకాళ్ళ మీద కూర్చుని గుర్రాన్ని చూస్తున్నాడు. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. చావు వస్తుందని దీనికి అర్థం చెప్పను నేను. ఒకటి ముగిసింది, దాని ముందు మీరు ఈ నలుగురిలో ఎవరిలా ఉన్నారు అని అడుగుతాను. ఎక్కువమంది ముఖం తిప్పుకున్న అమ్మాయినే చూపిస్తారు.

ఎందుకంటే ఉద్యోగం పోతే మనకి తంతు లేదు. పుడితే బారసాల ఉంది, చనిపోతే మైల ఉంది, ఇన్ని రోజులని లెక్క ఉంది, పెద్దకర్మ ఉంది, ఆ రోజు తలస్నానం చేసి, నలుగురూ కూర్చుని భోంచేసి లేస్తారు. ఏడవడానికి కొన్ని రోజులు ఇచ్చి, ఆ తర్వాత లేవమని చెప్పే ఏర్పాటు అది. ఉద్యోగం పోయిన మనిషికి లాప్‌టాప్ తిరిగిచ్చిన రసీదు ఒక్కటే. మర్నాడు పొద్దున అదే టైముకి మెలకువ వస్తుంది, అదే కుర్చీ, లింక్డ్‌ఇన్‌లో అదే స్క్రోలింగ్, నాలుగు నెలలైనా మైల తీరదు. నాకు తెలిసిన మంత్రవిద్య ఏదైనా ఉంటే అది ఇక్కడ పనికొస్తుంది, చేత్తో చేసే పని మనసుకి హద్దు గీస్తుంది. అమ్మ దిష్టి తీసేటప్పుడు ఉప్పు, మిరపకాయలు గ్రహాల్ని ఏం చేస్తాయో నాకు తెలియదుగానీ, ఆ రెండు నిమిషాలు ఒక మనిషి మిమ్మల్నే చూస్తూ మీ చుట్టూ చెయ్యి తిప్పుతుంది, అది మాత్రం పనిచేస్తుంది. దానికి 35 వేలు అక్కర్లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడకి ఇలా చెప్పాను (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). పది రోజులు లెక్క పెట్టుకోమన్నాను. ఆ పది రోజులూ అప్లికేషన్లు లేవు, ఏడుపొస్తే ఏడవచ్చు, కోపమొస్తే నోట్‌బుక్‌లో రాయొచ్చు. పదో రోజు పొద్దున్నే తలంటుకుని, పాత కంపెనీ టీషర్టులు, మగ్గు, మెడలో వేసుకునే ఆ ట్యాగు తీసి ఒక అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టించింది. పారేయలేదు, పారేయమని నేనూ అనలేదు. సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళని పిలిచి పులిహోర చేసి పెట్టింది. తర్వాత ఉద్యోగం వచ్చిందా అని అడగకండి, దానికీ దీనికీ నేను ముడిపెట్టను. నిద్ర పట్టిందని మాత్రం చెప్పింది.

కార్డులతో మీరే ఇంట్లో కూర్చుందామనుకుంటే కొన్ని జాగ్రత్తలు. "ఉద్యోగం వస్తుందా" అని అడగొద్దు, "ఈ వారం నేను చూడకుండా తప్పించుకుంటున్నది ఏది" అని అడగండి. ఒకే కార్డు తీయండి. పుస్తకంలో అర్థం వెతికే ముందు బొమ్మలో ఏముందో తెలుగులో పది వాక్యాలు రాయండి, మీ కన్ను దేని మీద ముందు పడిందో చూసుకోండి. నచ్చలేదని మళ్ళీ ఇంకోటి తీయొద్దు. అవతలి మనిషి మనసులో ఏముందని ఎప్పుడూ అడగొద్దు, అది కార్డులకి తెలిసే విషయం కాదు, అక్కడే అనుమానాలు పుడతాయి. ఒంట్లో బాగోలేనివి, కోర్టు కేసులు, అప్పులు, వీటికి డాక్టరు, లాయరు, లెక్క తెలిసిన మనిషి కావాలి.

నిద్ర పట్టక, తిండి సయించక, బతకడం దేనికన్న ఆలోచన వస్తుంటే ఏ రీడర్ దగ్గరికీ వెళ్ళొద్దు, నా దగ్గరికి కూడా. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. మీరు రాత్రి రెండింటికి రాశారు కాబట్టి చెబుతున్నాను.

ఆ రీడర్ మళ్ళీ మెసేజ్ పెడితే, అమావాస్య లోపు చేయించకపోతే ముదురుతుంది అంటే, జవాబు ఇవ్వకుండా బ్లాక్ చేయండి. స్క్రీన్‌షాట్లు, డబ్బులడిగిన వాయిస్ మెసేజ్‌లు దాచుకోండి. ఇప్పటికే అడ్వాన్స్ ఏమైనా పంపి ఉంటే సైబర్ క్రైమ్ నంబరు 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇంకొకటి, ఆరు కత్తుల బొమ్మ మీద నా దగ్గర చాలామంది అడుగుతారు, ఆ కత్తులు పీకేస్తే పడవ తేలికవుతుంది కదా అని. పీకితే ఆ చిల్లుల్లోంచి నీళ్ళొస్తాయి. అవతలి ఒడ్డు చేరేదాకా అవి అక్కడే ఉండాలి. బొమ్మ చూశాక, పడవలో మీరు ఎవరో, గెడ వేస్తున్నది ఎవరో ఇక్కడే రాయండి. వచ్చే వారం చూసి జవాబిస్తాను.